మడతలు తీసిన కాగితం

తొమ్మిదో భాగం

పోయిన వారం స్టూడియో అక్కని మెట్ల దగ్గర వదిలేశాం. లిఫ్టు పనిచేయడం లేదని అట్టముక్క మీద రాసి తగిలించారు. వెళ్లాల్సింది నాలుగో అంతస్తుకి. పక్కన డెబ్భై ఏళ్ల మేనమామ. ఆయన మోకాళ్లు రెండూ ఆయన మాట వినడం మానేసి చాలా కాలమైంది.

"నువ్వు కిందే కూర్చో మావయ్యా, నేను వెళ్లొస్తా," అంది అక్క.

"నా పనిని మోసం అన్నారు. నేను కింద కూర్చోవడమేంటి?" అని ఆయన రెయిలింగు పట్టుకున్నాడు.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం, ఈలోపు వాళ్లు ఎక్కుతూ ఉంటారు. అక్కది చిన్న ఫోటో స్టూడియో. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ స్టూడియో అక్కే. చెల్లెలు సిటీ బస్సులో కండక్టరు. ఆ చెల్లెలి గుండెలో ఒక వాల్వ్ పాడైంది. అది మార్చి తీరాలని డాక్టరు చెప్పి, ఎల్లుండి పొద్దున్నకి ఆపరేషన్ పెట్టాడు. చెల్లెలు వారం రోజులుగా ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఇల్లంతా ఊడ్చినా ఖర్చుకి సగం కూడా రాకపోయేసరికి అక్క, నలుగురి సాయం అడిగే ఒక ఆన్‌లైన్ సంస్థలో పేజీ తెరిచింది. ముక్కూ మొహం తెలియని ఆరువందల పన్నెండు మంది తలా ఒక చెయ్యి వేశారు. కావలసింది సమకూరింది. సరిగ్గా ఆ రోజు సాయంత్రమే పేజీ బూడిదరంగుకి తిరిగిపోయింది. "మోసం అనుమానంతో ఈ సేకరణ నిలిపివేయబడింది" అని ఒకే ఒక్క వాక్యం. ఫోన్ చేస్తే పాట వినిపిస్తుంది. మెయిల్ పెడితే "మీ సహనానికి ధన్యవాదాలు" అని వస్తుంది. అక్క దగ్గర సహనం ఎప్పుడూ లేదని ఆ మెయిలు పంపే యంత్రానికి ఎవరు చెప్పాలి?

ఇంతకీ ఆ అనుమానం ఎందుకొచ్చిందో పోయిన వారమే తెలిసిపోయింది. చేసింది మావయ్య. పేరు ఏదైతేనేం, లోకానికి ఆయన టచప్ మావయ్య. నెగెటివ్‌ల మీద సన్న పెన్సిలుతో మొహాలు దిద్దిన రోజుల నుంచి కంప్యూటరు మీద దిద్దే రోజుల దాకా నలభై అయిదేళ్లు అదే పని. మొటిమలు తీశాడు, మూసుకున్న కళ్లు తెరిపించాడు, కోటు లేనివాడికి కోటు తొడిగాడు. ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్ ఖర్చు రాసిచ్చిన కాగితం తెచ్చింది ఆయనే. ఆ రోజు అక్క ఒక స్కూల్లో గ్రూపు ఫోటోలు తీస్తోంది. ఆయన కాగితాన్ని స్కాన్ చేసి అసలుది మళ్లీ ఆసుపత్రి ఫైల్లో ఇచ్చేశాడు. స్కాన్ చూస్తే నాలుగు మడతలు, ఒక టీ మరక, అంకె మీద పడ్డ స్టాంపు. అలాంటి మురికి ముక్క తన స్టూడియో నుంచి బయటికి వెళ్లడమా? కూర్చుని మడతలు తీశాడు, మరక తుడిచాడు, స్టాంపుని కాస్త పక్కకి జరిపి అంకె స్పష్టంగా కనబడేలా చేశాడు. అంకెని మాత్రం ముట్టుకోలేదు. పాపం, ఎంతో శుభ్రంగా తయారుచేసిన ఆ కాగితాన్నే సంస్థ వాళ్ల సాఫ్ట్‌వేరు దొంగ కాగితమని పట్టుకుంది.

నాలుగో అంతస్తు వచ్చేసింది. గాజు తలుపు ముందు సెక్యూరిటీ అతను స్టూల్ మీద నుంచి లేవకుండానే అడిగాడు.

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"ఉంది," అంది అక్క ఆయాసపడుతూనే. "ఎల్లుండి పొద్దున ఏడింటికి, ఆపరేషన్ థియేటర్‌లో. దాని గురించే వచ్చాం."

"అలా కాదమ్మా, ఇక్కడ ఎవరినీ కలవరు. అన్నీ ఆన్‌లైన్‌లోనే."

"మరి ఇన్ని కుర్చీలెందుకు వేశారు బాబూ లోపల? ఆన్‌లైన్‌లో కూర్చోవచ్చుగా."

అతనికి నవ్వొచ్చింది. నవ్వినవాడు ఇక అడ్డుపడలేడు. పైగా మావయ్య అప్పటికే గోడకి చేరగిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎవరినో పిలుస్తానని వెళ్లాడు.

గది చల్లగా ఉంది. చక్రాల కుర్చీలు, తెల్లటి బల్లలు, ఎవరి చెవులకి వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్లు. గోడ నిండా పెద్ద పెద్ద ఫోటోలు, సాయం అంది బాగుపడిన వాళ్లవి. అందరూ నవ్వుతున్నారు. మావయ్య నీళ్లు తాగడం ఆపి వాటినే చూస్తున్నాడు.

"ఆ పాప కంటికింద నీడ చూడు. తీయడం చేతకాక బుగ్గంతా సున్నం కొట్టారు," అన్నాడు మెల్లిగా.

"మావయ్యా, ఇవాళ ఎవరి బుగ్గ జోలికీ పోవద్దు."

అయిదు నిమిషాల్లో ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై లోపే ఉంటుంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ల్యాప్‌టాప్, దాని మీద టిష్యూల డబ్బా. బాగా జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. కాగితాలు అసలువో కావో తేల్చే వెరిఫికేషన్ విభాగం తనదని చెప్పి, వాళ్లని గాజు గదిలోకి తీసుకెళ్లింది.

"మేడమ్, మీ కేసు నేనే చూశాను," అంది ముక్కుతోనే. "మీరు ఇక్కడిదాకా రావలసిన పని లేదు. మీ సంతకం కోసం నిన్ననే ఒక లెటర్ పంపాం. దాని మీద సంతకం పెట్టేస్తే క్లోజ్ అయిపోతుంది."

"చదివాను. అందుకే వచ్చాను."

అక్క సంచిలోంచి ఆ లెటర్ ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. ఒక వాక్యం కింద ఎర్ర గీత గీసి ఉంది. 'మోసపూరితమైన పత్రాన్ని సమర్పించినట్టు అంగీకరిస్తున్నాను.'

"ఇది పెడితే ఏమవుతుంది?" అని అడిగింది.

"డబ్బులు ఇచ్చినవాళ్లకి వెనక్కి వెళ్లిపోతాయి. మీ మీద పోలీసు కంప్లైంట్ ఉండదు."

"మా చెల్లెలికి?"

ఆ అమ్మాయి టిష్యూ తీసుకుంది. ముక్కు తుడుచుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపే పట్టింది.

"చూడమ్మా," అంది అక్క. "నేను పెట్టను. కాళ్లు పట్టుకోవడానికి కూడా రాలేదు. పొరపాటని రాయి, తెలివితక్కువతనమని రాయి, మా మావయ్యకి చాదస్తమని రాయి, మూడింటికీ మూడు సంతకాలు పెడతా. మోసమన్న మాట ఉన్నంతవరకూ ఆ కాగితం మీద నా చెయ్యి పడదు. పాతికేళ్లుగా ఫోటోలు తీస్తున్నా. పోయినవాళ్ల ఫోటోకి కూడా ముందు డబ్బు అడిగినదాన్ని కాను."

"మేడమ్, అందరూ ఇలాగే చెప్తారు."

"అందరూ నాలుగు మెట్ల వరసలెక్కి వచ్చి చెప్తారా?"

అమ్మాయి చేతిలో టిష్యూ నలిపి పక్కన పడేసింది. తర్వాత, కోపం కంటే అలసటే ఎక్కువున్న గొంతుతో చెప్పుకొచ్చింది. ఆర్నెల్ల కిందట ఒక పాప కోసమని పేజీ వచ్చింది. కాగితాలన్నీ ముచ్చటగా ఉన్నాయి. పచ్చ టిక్కు పెట్టింది తనే. డబ్బు వెళ్లాక తెలిసింది, ఆ పాపే లేదు. పాప మొహం వేరే ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిన ఫోటో. వెయ్యి మంది ఫోన్ చేసి తనని తిట్టారు. వాళ్లలో ఒకావిడ ఏడ్చింది, అన్నీ కూడబెట్టి పంపానమ్మా అని.

"అప్పట్నుంచి నాకు శుభ్రంగా ఉన్న కాగితం చూస్తేనే భయం," అంది. "నిజం కాగితాలు నలిగి ఉంటాయి మేడమ్. మీది కొత్త నోటులా ఉంది."

అక్క, ఎదురుగా ఒక రాక్షసి ఉంటుందనుకుని పది రోజులుగా తిట్లు కూర్చుకుని వచ్చింది. తీరా చూస్తే జలుబు చేసిన ఆడపిల్ల. కానీ జాలిపడి ఊరుకుంటే ఎల్లుండి పొద్దున్న చెల్లెలి మంచం మీదకి ఇంకో పేషెంట్ వస్తుంది. వరసలో ఇంకా చాలామంది ఉన్నారని ఆసుపత్రి వాళ్లు ముందే చెప్పారు.

"అయితే నలిగిన కాగితమే చూపిస్తాను," అంది. "మావయ్యా, తియ్యి."

మావయ్య చొక్కా లోపలి జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీశాడు. అక్క స్టూడియోలో ఒక నియమం ఉంది, అక్క వాళ్ల నాన్న పెట్టింది. స్కాన్ చేసిన మొదటి బొమ్మని ఎవరూ ముట్టకూడదు. దానికి నకలు తీసి, చేసే చిత్రవధంతా నకలు మీదే చేయాలి. మొదటి బొమ్మ "ముట్టకు" అని పేరున్న ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో వీధి జనం మొటిమలన్నీ భద్రంగా ఉన్నాయి.

"ఇందులో ఆ రోజు స్కాన్ చేసినది చేసినట్టు ఉందమ్మా," అన్నాడు మావయ్య అమ్మాయితో. "తారీఖు, టైము అన్నీ దాంట్లోనే ఉంటాయి. అవి మార్చడం నాకు రాదు కూడా. నాకు మొహాలే వచ్చు."

అమ్మాయి పెన్‌డ్రైవ్ గుచ్చింది. తెర మీద రెండు కాగితాలు పక్కపక్కన వచ్చాయి. ఎడమవైపు నలిగినది, కుడివైపు ఇస్త్రీ చేసినట్టున్నది. ఏదో మీట నొక్కింది. రెండింటికీ తేడా ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా ఎర్రటి మచ్చలు లేచాయి. కాగితానికి తట్టు పోసినట్టుంది.

"చెప్పండి," అంది అమ్మాయి.

అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. వేలు తెర మీద పెట్టింది.

"ఈ అడ్డగీత మడత. ఈ నిలువుది కూడా మడతే. మావయ్య జేబులో నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. ఇది టీ. కౌంటర్ దగ్గర ఆయన తాగిందే. ఇదిగో స్టాంపు. ఇక్కడ అంకె మీద పడి ఉంది, ఇక్కడ పక్కకి జరిగింది. అంకె చూడు. నీ మీట మళ్లీ నొక్కి చూడు. అంకె దగ్గర ఒక్క ఎర్ర చుక్క ఉందా?"

అమ్మాయి దగ్గరగా వంగింది. పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఒక్కొక్క సున్నా తెరంత అయింది.

"లేదు," అంది చివరికి.

"ఏం?"

"లేదు మేడమ్. అంకె మారలేదు."

"గట్టిగా అను. బయట హెడ్‌ఫోన్లు పెట్టుకున్న వాళ్లందరికీ వినబడాలి."

అమ్మాయి పెదవుల మీద నవ్వు లాంటిది కదిలింది. "ఫోటో కూడా మార్చారు కదా మీరు. పేషెంట్‌ది," అంది.

"మొహం మీద నలుపు తగ్గించాడు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతాడు, వాళ్లందరినీ జైల్లో పెడతారా? దాన్ని చూసి మా చెల్లెలే అంది, 'ఇదెవరే, నాకన్నా బాగుంది' అని. దాని డిపోలో జబ్బు సంగతి ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇంటిపని ఉందని సెలవు పెట్టింది. పేజీలోంచి పేరు కూడా తీయించింది. ఆ ఫోటో చూసి దాని డ్రైవరే పోల్చుకోలేదు. ఆ పేజీకి యాభై రూపాయలు పంపాడు కూడా, ఎవరో పాపం అని."

ఈసారి అమ్మాయి నిజంగానే నవ్వేసింది. మావయ్య కూడా నవ్వుతాడనుకుని అక్క పక్కకి చూసింది. ఆయన నవ్వడం లేదు. తెరని చూస్తున్నాడు. కాదు, తెర మీద కింది మూలని చూస్తున్నాడు.

"ఇది కూడా మడతేనా మేడమ్?" అంది అమ్మాయి అదే మూల చూపిస్తూ.

కాగితం అడుగున, ఎడమవైపు అంచులో, వేలెడు పొడుగున ఒక ఎర్ర మచ్చ. అక్కడ మడత లేదు. టీ పడలేదు. స్టాంపు లేదు.

"అది..." అంది అక్క. ఆగింది. "మావయ్యా, అదేంటి?"

మావయ్య కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాల మీద ఏమీ లేదు.

అమ్మాయి నలిగిన కాగితంలో ఆ మూలని పెద్దది చేసింది. పెన్సిల్‌తో రాసిన అక్షరాలు, పాలిపోయి ఉన్నాయి. వెలుతురు తగ్గించి నలుపు పెంచింది. ఎవరో డాక్టరు హడావిడిగా గీకిన రెండు వాక్యాలు తేలాయి. అమ్మాయి పైకి చదివింది.

"పేషెంట్ ఆపరేషన్‌కి ఒప్పుకోవడం లేదు. మళ్లీ మాట్లాడాలి."

అక్క మొహంలో రక్తం చుక్క లేకుండా పోయింది. ఇంతసేపూ అంత గొంతు వేసుకుని అరిచింది. మడతలు తప్ప ఇంకేం తీయలేదని ప్రమాణం చేసినట్టు చెప్పింది. సిగ్గూ భయమూ ఒకేసారి తన్నుకొచ్చి, వాటి వెనకాలే చెల్లెలి మీద పట్టరాని కోపం వచ్చింది.

"నువ్వు చదివావా ఇది?" అంది మావయ్యని.

"కౌంటర్లో చేతికివ్వగానే చదివానమ్మా."

"చదివి తుడిచేశావా?"

"మీ చెల్లెల్ని అడిగాను. 'నీకెందుకు మావయ్యా' అంది. డబ్బు చేతికొస్తే అదే దారికొస్తుందనుకున్నా. ఆ ముక్క చూస్తే ఎవరైనా రూపాయి వేస్తారా?" ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "మరకలన్నీ తీస్తున్నా. అదీ తీశాను."

"అది మరకా మావయ్యా?"

"ఆ పూట నాకు మరకలాగే కనబడింది."

అక్కకి ఆయన్ని అనడానికి నోట్లో చాలానే ఉంది. కానీ ఆ చేతులు చూసింది. పదేళ్ల వయసులో తనకి బ్రష్షు పట్టుకోవడం నేర్పినవి ఆ చేతులే.

వెరిఫికేషన్ అమ్మాయి నవ్వు ఎప్పుడో మాయమైంది. ల్యాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంది. "మేడమ్, ఇది మరకలు తీయడం కాదు. దాచడం. నేను రిపోర్టులో ఇలాగే రాయాలి. ఆ లెటర్ మీద సంతకం పెట్టేస్తే మంచిది."

ఇంకెవరైనా అయితే అక్కడితో చల్లబడిపోయేవారే. మావయ్య అప్పటికే పెన్ను కోసం జేబు తడుముకుంటున్నాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"రాయి," అంది అమ్మాయితో. "ఉన్నది ఉన్నట్టు రాయి. మా మావయ్య తప్పు చేశాడు. ఒప్పుకుంటున్నా. నేను చూసుకోలేదు, అది నా తప్పు. అదీ రాయి. కానీ మా చెల్లెలు ఉంది. దాని జబ్బు ఉంది. ఆసుపత్రి ఉంది, అంకె ఉంది. లేని పాపని పుట్టించలేదు మేము. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి."

"మీరు చెప్పినట్టు..."

"మా పేజీలో ఆ ఇస్త్రీ కాగితం తీసేసి ఈ నలిగిన కాగితం పెట్టు. టీ మరకతో, పెన్సిల్ రాతతో, అన్నిటితో. కింద నా పేరుతో రాస్తా, మేమిలా తుడిచామూ అని. ఆరువందల పన్నెండు మందికీ పంపు. వద్దనుకున్నవాళ్లు వాళ్ల డబ్బు వెనక్కి తీసుకోనీ. వాళ్ల సొమ్ము, వాళ్లిష్టం. ఉంచాలనుకున్నవాళ్లది ఎందుకు ఆపుతావ్? మోసపోయామని వాళ్లు చెప్పాలి గానీ, వాళ్లని అడక్కుండా నువ్వు చెప్పడమేంటి?"

అమ్మాయి ఒకసారి తుమ్మింది. తర్వాత కీబోర్డు మీద ఏవో వెతికి, రూల్ చదివినట్టు చెప్పింది గానీ గొంతులో బిగువు తగ్గింది.

"సరిచేసిన పత్రం పెట్టి, అందరికీ తెలియజేస్తే మళ్లీ తెరవడానికి ఒక దారి ఉంది. కానీ పేషెంట్ తన నోటితో చెప్పాలి. ఇక్కడికొచ్చి గానీ, వీడియోలో గానీ. ఆపరేషన్ చేయించుకుంటున్నాను, ఈ డబ్బు నా కోసమే అని. రేపు సాయంత్రం అయిదు లోపల. అయిదు దాటితే సిస్టమ్ దానంతటదే అందరికీ వెనక్కి పంపేస్తుంది. దాన్ని నేను కూడా ఆపలేను."

"అయిదు దాకా ఎందుకు? ఇప్పుడే మాట్లాడిస్తా," అంది అక్క. "వీడియో చాలన్నావుగా."

ఫోన్ తీసింది. వీడియో కాల్ చేసింది. చెల్లెలు కట్ చేసింది. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేసింది. మూడోసారి మామూలు కాల్ చేస్తే ఎత్తింది.

"తెలిసిపోయిందా?" అంది చెల్లెలు. హలో లేదు, ఏం లేదు.

"ఏంటే ఇది? ఎందుకు వద్దన్నావ్? ఇంతమంది ఇంత చేస్తే..."

"నేను చెయ్యమన్నానా? నువ్వు పేజీ పెట్టాక నాకు చెప్పావ్. ఆ వాల్వ్ పెడితే నన్ను బస్సు దింపేస్తారక్కా. డాక్టరే చెప్పాడు. బతికినన్నాళ్లూ రక్తం పల్చబడే మందులు మింగాలట. దెబ్బ తగిలితే రక్తం ఆగదట. తోపులాటలో నిలబడకూడదట. డిపోలో నాకేం పని ఇస్తారో తెలుసా? జనం మర్చిపోయిన గొడుగుల గది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొడుగులకి చీటీలు కట్టుకుంటూ కూర్చోవాలి. పధ్నాలుగేళ్లు ఆ బస్సులో నిలబడ్డా. నిలబడే పోతా."

"పోతాను గీతాను అన్నావంటే పళ్లు రాలగొడతా. గొడుగులకి చీటీలు కట్టినవాళ్లెవరూ చావలేదు. నర్సుకివ్వు ఫోను."

"నర్సెక్కడుంది ఇక్కడ?"

అప్పుడు వినిపించింది అక్కకి. ఫోనులో వెనకాల ఇంజన్ల రొద. ఎవరో మైకులో రూటు నంబర్లు చదువుతున్నారు. ఆసుపత్రి వార్డులో రూటు నంబర్లు ఎవరూ చదవరు. అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎక్కడున్నావే నువ్వు?"

"డిపోలో. నా ఇష్టప్రకారమే వెళ్తున్నానని సంతకం పెట్టి పొద్దున్నే వచ్చేశా. సెలవు నిన్నటితో అయిపోయిందిగా. రెండున్నర ట్రిప్పు నాదే."

అక్క గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై అయిదు. డాక్టరు నిక్కచ్చిగా చెప్పిన మాట చెవిలో మోగింది, మెట్లెక్కినా ప్రమాదమే అని. మావయ్య ఆవిడ మొహం చూసి ఏమైందని చేత్తో సైగ చేశాడు. వెరిఫికేషన్ అమ్మాయి టిష్యూ ముక్కు దగ్గరే పట్టుకుని అలాగే ఉండిపోయింది. అక్కకి ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి కూడా టైము లేదు. ఉన్న అయిదు నిమిషాల్లో బతిమాలితే లాభం లేదని తెలుసు. చిన్నప్పటి నుంచీ బతిమాలేకొద్దీ బిగుసుకుపోయే రకం అది.

"సరే," అంది అక్క. గొంతు చిత్రంగా నెమ్మదిగా వచ్చింది. "ఎక్కు."

అవతల చెల్లెలు తికమకపడింది. "ఏంటి?"

"ఎక్కమంటున్నా. ఆ బస్సు మన స్టూడియో ముందు నుంచే కదా వెళ్లేది. ఆటోలో అక్కడికొచ్చి నేనూ ఎక్కుతా."

"చెయ్యెత్తకు. ఆపను."

"అడ్డంగా నిలబడతా. మీ డ్రైవరు మంచివాడు, తొక్కించడు. ఎక్కి నీ పక్కనే నిలబడతా. టికెట్ కొడతావో, తోసేస్తావో నీ ఇష్టం. బస్సులో ఉన్న ప్రతివాడికీ చెప్తా, ఇది ఎవరో, దీనికేమైందో, ఆరువందల పన్నెండు మంది దీన్నేం చెయ్యమన్నారో. ఇవాళ ఆఖరి ట్రిప్పు దాకా తిరుగుదాం. రేపు అయిదింటి దాకా తిరుగుదాం. ఎవరు ముందు దిగుతారో చూద్దాం."

ఫోనులో ఇంజను చప్పుడు పెద్దదైంది. దాని మీద రెండు విజిల్స్ వినిపించాయి. ఒక విజిల్ అయితే ఆపమని. రెండంటే బస్సు కదిలిందని.